సార్‌కి చెప్పాం మేడమ్, ఓకే అన్నారు

కారు నాది. ఆర్సీ నా పేరు మీదే ఉంది. ఐదేళ్లు నా జీతంలోంచే ఈఎంఐ కట్టాను. ముందు ఎడమ చక్రం దగ్గర వారం నుంచి కీచుమంటోందని కనిపెట్టింది నేను. ఫోన్ టార్చి వేసి చక్రం సందుల్లోంచి బ్రేక్ ప్యాడ్ ఎంత మిగిలిందో చూసింది నేను. పొద్దున్నే ఎనిమిదిన్నరకి సర్వీస్ సెంటర్‌లో బండి వదిలి, "ముందు చక్రాల ప్యాడ్లు మార్చండి, డిస్కులు కొలిచి మందం ఎంతుందో నాకు చెప్పండి" అని దగ్గరుండి జాబ్‌కార్డులో రాయించిందీ నేనే. (చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెమే డిస్కు. బ్రేకు నొక్కితే ప్యాడ్లు పట్టుకునేది దాన్నే.)

ఫోన్ మాత్రం మా ఆయనకి చేశారు.

ఎప్పుడో రెండేళ్ల కింద బండి తీసుకురావడానికి వెళ్లి అక్కడ ఆయన నంబర్ ఇచ్చారు. అంతే, ఆ రోజు నుంచి కారు మనసులో మాట ఆయనకే చెప్పుకుంటోంది. "సార్, డిస్కులు కూడా అరిగిపోయాయి. ఫ్యామిలీ తిరిగే బండి, సేఫ్టీ ఇష్యూ" అన్నారట. ఈయన మీటింగ్‌లోంచి గుసగుసగా "సేఫ్టీ అంటే వేసేయండి" అన్నారట. డిస్కు అంటే ఈయనకి తెలిసింది నడుములో ఉండేది ఒక్కటే.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి కొత్తవి బిగించేశారు. బిల్లు 11,640.

"పాతవి ఎంత మందం ఉన్నాయండీ?"
"బాగా అరిగాయి మేడమ్."
"ఎన్ని మిల్లీమీటర్లు?"
"గీతలు పడ్డాయి మేడమ్."
"కొలిచారా, లేదా?"
"సార్‌కి చెప్పాం మేడమ్, ఓకే అన్నారు."

కొలతకి ఇదో కొత్త యూనిట్ అన్నమాట. మిల్లీమీటర్, సెంటీమీటర్, సార్.

పాత డిస్కులు ఇవ్వమంటే స్క్రాప్‌లోకి వెళ్లిపోయాయన్నారు. డబ్బు నాదైనప్పుడు స్క్రాప్ కూడా నాదే కదా బాబూ అని కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. పది నిమిషాల్లో స్క్రాప్‌కి మనసు మారి, కొత్త డిస్కుల అట్టపెట్టెలో తిరిగొచ్చింది. రెండూ పట్టుకుని అటు నుంచి అటే బాలానగర్‌లో తెలిసిన లేత్ షాపుకి వెళ్లాను. అంచున మిగిలిన గట్టు మీద కాదు, సరిగ్గా ప్యాడ్ రాసుకునే చోట మైక్రోమీటర్ పెట్టి కొలిచాడు. ఒకటి 21.2, రెండోది 21.3. ఎంతకి తగ్గితే తీసేయాలో డిస్కు మీదే ఉంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు. తుప్పు గీకితే కనిపించింది: 20. అంటే ఒక మిల్లీమీటర్ పైన మిగిలి ఉన్న డిస్కుల్ని మీటింగ్‌లో కూర్చుని చంపేశారు మావారు.

డిస్కులు మార్చనే కూడదని నేననడం లేదు. ప్యాడ్ అడుగంటా అరిగిపోయి వెనకున్న రేకు డిస్కుని కోసేసినా, మందం ఆ హద్దు దాటి తగ్గినా నోరు మూసుకుని జతగా మారుస్తాను. నాది అక్కడిదాకా రాలేదు కదా! ఆ కీచుమనే చప్పుడు చేసేది ప్యాడ్‌కి ఉండే చిన్న రేకుముక్క. ప్యాడ్ అయిపోవస్తోందని ముందే అరవడానికే దాన్ని పెడతారు. పాపం అది టైముకి అరిచింది, నేను టైముకి విన్నాను. మూడోవాళ్లకే వినపడలేదు.

పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఆ దిగిందేదో నా బిల్లులో ఎక్కడ దిగిందో భూతద్దం పెట్టి వెతుకుతున్నాను.

అసలు ముందు బ్రేకులు ఇంత త్వరగా ఎందుకరుగుతాయి? బ్రేకు నొక్కగానే బరువంతా ముందుకి తూలుతుంది, ఎక్కువ పని ముందు చక్రాలదే. దానికి తోడు మా కాలనీ. గేటు నుంచి మెయిన్ రోడ్డుకి ఏడు స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్కలో గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మావాళ్లు ఎవరింటి ముందు వాళ్లు కట్టుకున్నవి గోడలు, పడుకోబెట్టారంతే. నిజానికి మా కారులో అన్నిటికంటే ముందు అరిగిపోవాల్సిన బ్రేకు ఇంకోటుంది. నేను నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని మా ఆయన నొక్కే లేని బ్రేకు.

సరే, మా ఆయన్ని అని ఏం లాభం. ఇది పుట్టింటి నుంచి ఉన్న రోగం. తెనాలిలో నాన్న చేతక్ స్కూటర్‌కి ప్లగ్గు విప్పి, పెట్రోల్లో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగించింది నేను. అప్పుడు తమ్ముడు నిద్రపోయేవాడు. వాడు ఇంటర్‌లో చేరగానే తాళం వాడి చేతికి వెళ్లింది. "ఆడపిల్లవి, నీకెందుకే ఆ మసి" అంది అమ్మ. మసి అప్పటికే నా గోళ్లలో ఉంది.

ఇప్పుడు వాడు డాలస్‌లో ఉంటాడు. కిందటి నెల వాడి కారుకి ముందు ప్యాడ్లు, డిస్కులు ఇంటి ముందే మార్చుకున్నాడు. మార్చుకున్నాడంటే, ఇక్కడ రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా వీడియో కాల్లో నేను మార్పించాను. "అక్కా, పిస్టన్ వెనక్కి వెళ్లట్లేదు." బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, పాత ప్యాడ్ అడ్డం పెట్టి సి క్లాంప్‌తో మెల్లగా నొక్కరా. "అక్కా, కాలిపర్ వేలాడుతోంది." ప్యాడ్లని పట్టుకునే ఆ భాగం బరువు ఆయిల్ గొట్టం మీద పడకూడదు, తీగతో స్ప్రింగ్‌కి కట్టు. డిస్కు బిగించే హబ్ మీద తుప్పు గీకు, లేకపోతే డిస్కు సరిగ్గా కూర్చోదు. కొత్త డిస్కు మీద నూనె తుడువు. అన్నీ అయ్యాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కు, లేకపోతే ఎదురింటివాళ్ల గ్యారేజీలో తేలతావు.

మర్నాడు ఫ్యామిలీ గ్రూపులో ఫొటో. చేతులకి మసి, మొహం నిండా నవ్వు. అమ్మ పెట్టిన మెసేజ్: "మా బంగారం, అన్నీ సొంతంగా నేర్చుకున్నాడు." పెద్దమ్మ, బాబాయి, ఎవరో నాకు తెలియని పిన్ని అందరూ దండాలు, చప్పట్లు. నేనూ ఒక బొటనవేలు పెట్టాను. చూస్తూ ఊరుకోలేను కదా.

ఇంతకీ సర్వీస్ సెంటర్ నుంచి బయల్దేరేటప్పుడు, కొత్త ప్యాడ్లు, డిస్కులు ఒకదానికొకటి అలవాటు పడేదాకా రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు కొట్టొద్దని ఒక్కడూ చెప్పలేదు. "ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది మేడమ్, పదికి పది ఇవ్వండి" అని మాత్రం మూడుసార్లు చెప్పారు. సాయంత్రం ఆరింటికి కాల్ వచ్చింది. మా ఆయనకి. పదికి పది ఇచ్చారు.

పాత డిస్కులు రెండూ హాల్లో టీపాయ్ మీద పెట్టాను. తుప్పు మరకలు పడతాయంటున్నారు. పడనీ. "పారేయడం ఎందుకు, బాల్కనీలో తులసికుండీ కింద పెట్టుకోవచ్చుగా" అని సలహా కూడా ఇచ్చారు. తలుపు దగ్గర నిలబడి, చెప్పులు వేసుకుని, లిఫ్ట్ బటన్ నొక్కాక.