విజయ్ హజారే ట్రోఫీ నెల్లూరుకూ రావాలి

రాష్ట్ర జట్ల మధ్య జరిగే దేశవాళీ వన్డే టోర్నీ విజయ్ హజారే ట్రోఫీలో భాగంగా 2025 డిసెంబర్ 24న బెంగళూరులో ఆంధ్ర జట్టు ఢిల్లీతో తలపడింది. మన రికీ భుయ్ 122 పరుగులు చేస్తే, అటు విరాట్ కోహ్లి 131 కొట్టి మ్యాచ్ లాగేసుకున్నాడు. ఇంత జరిగినా నెల్లూరులో, ఒంగోలులో అభిమానికి దక్కింది ఫోన్లో స్కోరు మాత్రమే. మైదానంలోకి జనాన్ని రానివ్వలేదు, టీవీలోనూ చూపించలేదు. దేశవాళీ వన్డేలు ఎవరికీ పట్టవని భారత క్రికెట్ బోర్డు పెద్దలు అంటే ఇక నమ్మనక్కర్లేదు. చూడనిస్తే కదా పట్టించుకునేది!

ఈ టోర్నీ ఎదిగిన ప్రతిసారీ కారణం ఒక్కటే, కొత్తవాళ్లకు చోటివ్వడం. 1993-94లో మొదలైనప్పుడు ఇది జోన్ల లోపలి ఆట. ఆంధ్ర ఎంత బాగా ఆడినా తమిళనాడు, కర్ణాటక, హైదరాబాద్ లాంటి దక్షిణాది జట్లతోనే సరి. 2002-03లో జాతీయ టోర్నీ అయింది, తమిళనాడు గెలిచింది. 2007-08లో భారత మాజీ కెప్టెన్ విజయ్ హజారే పేరు పెట్టారు. 2018-19లో మిగతా ఈశాన్య రాష్ట్రాలు, బిహార్, ఉత్తరాఖండ్ లాంటి జట్లు వచ్చి మొత్తం జట్లు 37 అయ్యాయి. 2022లో అరుణాచల్‌పై తమిళనాడు బ్యాటర్ జగదీశన్ ఒక్కడే 277 కొట్టినప్పుడు, ఇలాంటి జట్లు ఎందుకని చాలామంది విసుక్కున్నారు. ఆడకుండా ఎలా నేర్చుకుంటారు? హిమాచల్ 2021-22లో, హరియాణా 2023-24లో కప్పు ఎత్తాయి. మన ఆంధ్ర కూడా 2017-18లో సెమీస్ దాకా వెళ్లి సౌరాష్ట్ర చేతిలో ఓడింది.

జట్లకు చోటిచ్చారు, బాగుంది. ఊళ్లకు ఎప్పుడిస్తారు?

1952లో హజారే కెప్టెన్సీలో భారత్ తొలి టెస్టు గెలిచింది మద్రాసులో. అప్పుడు నెల్లూరు ఆ రాష్ట్రంలోనే ఉంది. రాష్ట్రం మారి డెబ్బై ఏళ్లు దాటినా, నెల్లూరు కుర్రాడు పెద్ద మ్యాచ్ చూడాలంటే ఇప్పటికీ చెన్నైలోని చెపాక్ స్టేడియమే దగ్గర. సొంత రాష్ట్రపు విశాఖ స్టేడియం 600 కిలోమీటర్ల పైమాటే. అశ్విన్ హెబ్బార్ లాంటి బ్యాటర్‌ను ఆంధ్రకు ఇచ్చిన ఊరు ఇది!

హోటళ్లు, పిచ్‌లు, భద్రత, ప్రసారం ఖర్చు అని అభ్యంతరాలు చెబుతారు. పిచ్ సంగతి నిజమే, మంచి టర్ఫ్ వికెట్ (మట్టి, గడ్డితో చేసే పిచ్) రాత్రికి రాత్రి తయారు కాదు. కానీ మ్యాచ్ ఇస్తామని ముందు చెబితేనే కదా ఎవరైనా తయారుచేసేది.

అసలు జబ్బు క్రికెట్‌ది మాత్రమే కాదు. మన జిల్లా కేంద్రాల్లో మైదానం అంటే ఖాళీ స్థలం అనే లెక్క. నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్ పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేవి రాజకీయ సభలు, ఎగ్జిబిషన్లు. సంక్రాంతికి కావలి, కనిగిరి పక్క పల్లెల్లో టెన్నిస్ బాల్ టోర్నీలు జోరుగా జరుగుతాయి. సరిగ్గా అదే సీజన్లో హజారే ట్రోఫీ ఎక్కడో నడుస్తుంటుంది. ఈ పిల్లలు సిక్సర్లు కొట్టగలరు. పది ఓవర్ల స్పెల్ ఎలా వేయాలో, వికెట్లు పడ్డాక ముప్పై ఓవర్లు ఎలా నిలబడాలో మాత్రం వాళ్లు కళ్లారా చూడలేదు. 2024-25లో ఇదే ట్రోఫీలో 779 పరుగులు చేశాకే కరుణ్ నాయర్ పేరు మళ్లీ గట్టిగా వినిపించింది, టెస్టు జట్టులోకి తిరిగొచ్చాడు. ఐపీఎల్ వేలం చూసి పెరిగే కుర్రాడికి ఈ దారి ఒకటుందని చూపించాలి.

ఆంధ్ర క్రికెట్ సంఘం నెల్లూరులో, ఒంగోలులో చెరో టర్ఫ్ మైదానాన్ని ఈ స్థాయికి తేవాలి, గడువు పెట్టుకుని తేవాలి. అవి సిద్ధమయ్యేలోపు ఆంధ్ర ఆడే ప్రతి హజారే మ్యాచ్‌నూ బోర్డు యూట్యూబ్‌లో ఉచితంగా చూపించాలి. దానికి స్టేడియం కట్టక్కర్లేదు, వచ్చే డిసెంబర్ నుంచే మొదలుపెట్టొచ్చు.