మూడు వందల గజాలు, ఆరు సంతకాలు

ఈ ఏడాది మన సంఘం ఉగాది వేడుకలో, సన్మానాలకూ భోజనాలకూ మధ్య, బ్రిటన్‌లోని మన పట్టణంలో అలాట్‌మెంట్ తోటల (కూరగాయలు పండించుకోవడానికి కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ, కౌలుకిచ్చే నేల ముక్కల) సంఖ్య పెంచాలని ఉద్యమిస్తున్న స్థానిక బృందం తరఫున వచ్చిన ఒక పెద్దావిడకు వేదిక మీద ఐదు నిమిషాలు ఇచ్చారు. ఆవిడ రెండు మాటలు పూర్తి చేయకముందే వడ్డన మొదలైందని ఎవరో కేకవేశారు, సభ లేచిపోయింది. శాలువాలు కప్పినంత సేపూ ఎవరికీ ఆకలి వేయలేదన్నది వేరే సంగతి. వెనుక గోడ దగ్గర ఆవిడ పరిచిన సంతకాల కాగితం ఖాళీగానే ఉండిపోగా, ఆ పక్కనే హైదరాబాద్ శివార్లలో వెంచర్ వేసినవారి బల్ల చుట్టూ నిలబడడానికి చోటు లేదు.

గజం ఎంత, రోడ్డు ఎన్ని అడుగులు, తూర్పు ముఖమేనా అని అక్కడ ఆరా తీసినవారికి ఈ రెండో నేల సంగతి కూడా వారి లెక్కలోనే చెబుతాను. ఇక్కడ పాతకాలం నుంచీ పూర్తి అలాట్‌మెంట్ అంటే పది పోల్‌లు, అంటే 302.5 చదరపు గజాలు, మన లెక్కలో సరిగ్గా ఆరుంపావు సెంట్లు. ఏటా కౌలు కట్టి సాగు చేసుకోవాలి. అమ్ముకోవడానికి లేదు, ఇల్లు కట్టడానికి లేదు. ప్రధానంగా ఇంటి అవసరాలకు కూరగాయలో పండ్లో పండించుకోవడానికే అది అని 1922 నాటి చట్టం చెబుతుంది. అడిగేవారు ఎక్కువై, చాలా కౌన్సిళ్లు ఇప్పుడు సగం ముక్కలే ఇస్తున్నాయి.

ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి. మిరపతోటల మధ్య పుట్టి పెరిగిన ఆవిడ, విజిటర్ వీసా మీద వచ్చి, మూడో అంతస్తు ఫ్లాటులో కిటికీ పక్కన కూర్చుని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేది. కింది అంతస్తులో ఉండే రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన చూసి, తన అలాట్‌మెంటుకు తీసుకువెళ్లాడు. ఆయన చిక్కుడు వరుసల మధ్య కలుపు పీకి ఎరువు గుట్ట మీదకు విసురుతుంటే, అమ్మ గబగబా వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన పారేస్తున్నది చక్రవర్తికూర. బూడిద చల్లినట్టుండే ఆ లేత చిగుళ్లన్నీ గిల్లి కొంగులో వేసుకువచ్చి, కందిపప్పులో వండి, మర్నాడు ఆయనకు డబ్బాలో పెట్టి పంపింది. ఆ తరువాత ఆయన ఒక మూలన ఆ మొక్కలను పీకడం మానేశాడు.

మే నెలాఖరున, మంచు భయం పోయాక, అదే మూల అమ్మ తోటకూర విత్తనాలు చల్లింది. వేళ్లతో సహా పెరకకుండా పైన తుంచితే పక్క కొమ్మలు వేస్తుందని ఆయనకు చేసి చూపించింది. పావురాలు వాలకుండా వల కట్టడం, చీకటి పడ్డాక టార్చి వేసుకుని స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు) ఏరడం ఆయన దగ్గర నేర్చుకుంది. గోంగూర మాత్రం ఆ చలికి జానెడు కూడా ఎదగలేదు. ఒకరి భాష ఒకరికి రాని వాళ్లిద్దరూ ఆ వేసవి అంతా దేని గురించి అంత సేపు మాట్లాడుకునేవారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇలాంటి మూల ప్రతి ఇంటికీ దొరకకపోవడానికి కారణం నేల లేకపోవడం ఒక్కటే కాదు, అడిగేవారు కనబడకపోవడం కూడా. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1908 నాటి చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఆరుగురు స్థానిక ఓటర్లు గాని, కౌన్సిల్ టాక్స్ (నివాసాల మీద స్థానిక పన్ను) చెల్లించవలసిన నివాసులు గాని రాతపూర్వకంగా కోరితే, కౌన్సిల్ ఆ విజ్ఞప్తిని పరిశీలించి తీరాలి. గిరాకీ ఉందని తేలితే తగినన్ని తోటలు కల్పించడం దాని బాధ్యత. లండన్ నడిబొడ్డు బరోలకు (అక్కడి స్థానిక కౌన్సిళ్లకు) మాత్రం ఈ బాధ్యత లేదు. అలాట్‌మెంట్ల కోసమే కౌన్సిల్ తీసుకున్న నేలను మంత్రి అనుమతి లేకుండా అమ్మరాదని 1925 నాటి చట్టం కట్టడి చేస్తుంది. తాత్కాలికంగా ఇచ్చిన నేలకు ఆ రక్షణ లేదు గనుక, బృందంవారు శాశ్వత నేలే కావాలని పట్టుబట్టడం సబబే.

బృందం వైపు లోపాలు లేవని నేను అనను. వారి సమావేశాలు పనిదినాల్లో సాయంత్రం పూట పబ్బులో జరుగుతాయి, పిల్లలున్న మన ఇళ్లనుంచి ఎవరు వెళ్లగలరు? రెండు ఉద్యోగాలు, శనాదివారాల్లో సంగీతం, తెలుగు తరగతులు, అద్దె ఇంటినుంచి అద్దె ఇంటికి మారడం, వీటి మధ్య తోట పని ఎవరికైనా బరువే. సాగు చేయకుండా వదిలేస్తే నోటీసు వస్తుంది కూడా. ఇవన్నీ ఒప్పుకోదగిన కారణాలు. కాని భోజనాల వరుసలో నేను విన్నది వీటిలో ఒక్కటీ కాదు. “ఇంత చదువుకుని, ఇంత దూరం వచ్చి, మళ్లీ మట్టి పిసకడమేమిటండీ” అన్నారు ఒక పెద్దమనిషి, చుట్టూ ఉన్నవారు నవ్వారు. సంక్రాంతికి ఇదే హాలులో మన పిల్లలకు తలపాగాలు చుట్టి, భుజాన అట్టముక్క నాగలి పెట్టి రైతు వేషం వేయిస్తాం. వేషానికి చప్పట్లు కొట్టి పనిని చిన్నచూపు చూసే అలవాటును మనం ఊరినుంచి భద్రంగా మోసుకొచ్చాం.

తోట చేయమని ఎవరినీ ఒత్తిడి చేయడం లేదు. అడుగుతున్నది రెండే: సంతకం, వెయిటింగ్ లిస్టులో పేరు. ఆ జాబితా ఎంత పొడుగ్గా ఉంటే కౌన్సిల్ ముందు గిరాకీకి అంత గట్టి సాక్ష్యం, మన వంతు వచ్చేసరికి మన తల్లిదండ్రులో పిల్లలో దాన్ని అందుకుంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమకు అర్హత లేదని వెనుకాడనక్కరలేదు; ఇక్కడ నివసించడానికి అనుమతి ఉన్న కామన్‌వెల్త్ పౌరులుగా వారు పార్లమెంటు ఎన్నికలకు కూడా ఓటరుగా నమోదు కావచ్చు. అద్దెకున్నవారిదీ చెల్లుతుంది. బృందంవారి విజ్ఞప్తి పత్రం ప్రతులు మన తెలుగు బడి బల్ల మీద ఉంచడానికి కార్యవర్గం అనుమతి ఇవ్వాలి. సంతకం పెట్టేవారు పేరు పక్కన ఇంటి చిరునామాను పోస్ట్‌కోడుతో సహా స్పష్టంగా రాయాలి, మన కౌన్సిల్ పరిధిలో ఉంటున్నవారిదే లెక్కలోకి వస్తుంది గనుక.