నోటీసుకూ గునపానికీ మధ్య

భవన నిర్మాణ నిబంధనలను ఉల్లంఘించిన యజమానికి టౌన్ ప్లానింగ్ విభాగం నోటీసు ఇవ్వడం మన పట్టణాల్లో కొత్త కాదు. ఆ నోటీసు తరువాత ఏం జరుగుతుందన్నదే ఎవరికీ అంతుపట్టని సంగతి. కొన్ని కట్టడాలు నోటీసు అందుకున్నాక కూడా మరో శ్లాబు వేసుకుని నిశ్చింతగా నిలబడతాయి. మరికొన్నింటి మీదికి ఏదో ఒక ఉదయం గునపాలు, జేసీబీ వచ్చి పడతాయి. నోటీసుకూ కూల్చివేతకూ నడుమ ఉండవలసిన విచారణ చాలాచోట్ల కాగితానికే పరిమితం కావడం అసలు లోపమని ఈ పత్రిక భావిస్తోంది.

చట్టంలో లోటేమీ లేదు. మన విజయనగరం, శ్రీకాకుళం రెండూ నగరపాలక సంస్థలే కాబట్టి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 1955 వాటికి వర్తిస్తుంది. అందులోని 452వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండానో అనుమతికి భిన్నంగానో కట్టిన యజమానికి, ఆ కట్టడాన్ని ఎందుకు తొలగించకూడదో లిఖితపూర్వకంగా గానీ, స్వయంగా హాజరై గానీ, ప్రతినిధి ద్వారా గానీ చెప్పుకునే అవకాశం కమిషనర్ ఇవ్వాలి. 2024 నవంబరు 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ పద్ధతికి మరింత బిగువు తెచ్చింది. కనీసం 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలని, దాన్ని కట్టడం మీద కూడా అంటించాలని, యజమాని వాదన స్వయంగా విని ఆ విచారణను నమోదు చేయాలని, తుది ఉత్తర్వులో కారణాలు రాయాలని, ఆ తరువాత కూడా అప్పీలుకో, తనంతట తానే తొలగించుకోవడానికో మరో 15 రోజులు ఆగాలని ఆదేశించింది. రోడ్లు, కాలిబాటలు, నదులు, చెరువుల వంటి చోట్ల వెలసిన ఆక్రమణలకు ఈ రక్షణ వర్తించదని కూడా స్పష్టం చేసింది. నాగావళి గట్టునో, విజయనగరం పెద్ద చెరువు గర్భాన్నో ఆక్రమించినవారు ఈ తీర్పును అడ్డం పెట్టుకోలేరు.

విచారణ సక్రమంగా జరిగితే ఎవరి తప్పు ఎంతో తేలుతుంది. పాత ఊరి సందులో రెండు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకుని, వెనుక వైపు వదలవలసిన ఖాళీ స్థలం (సెట్‌బ్యాక్) అడుగున్నర తగ్గించిన గుమాస్తా, కార్లు నిలపవలసిన సెల్లారును దుకాణాలకు అద్దెకిచ్చిన వాణిజ్య సముదాయం యజమాని ఒకే నమూనా నోటీసు అందుకుంటారు. మొదటివాడు భయంతో కార్యాలయం మెట్లెక్కి మధ్యవర్తుల చేతిలో పడతాడు. రెండోవాడు న్యాయవాదిని పెట్టుకుని, వినకుండానే ఉత్తర్వు ఇచ్చారంటూ హైకోర్టు నుంచి స్టే తెచ్చుకుంటాడు. విచారణను తేలికగా తీసుకున్న అధికారులే ఆ స్టేకు దారి వేస్తున్నారన్నది వారికి మింగుడుపడని నిజం.

ఈ వ్యవహారంలో అందరూ మరచిపోయే మనిషి ఇంకొకరున్నారు: ఫిర్యాదుదారు. పొరుగింటి సజ్జా తన ప్రహరీ దాటి వచ్చిందని, వానపడితే ఆ నీళ్లన్నీ తన పెరట్లోనే పడుతున్నాయని సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చినవారికి, ‘నోటీసు జారీ చేయడమైనది’ అన్న ఒక్క వాక్యంతో అర్జీ పరిష్కారమైనట్టు సమాధానం వస్తే అంతకన్నా వెటకారం ఉండదు. సజ్జా అక్కడే ఉంటుంది, నీళ్లూ అక్కడే పడతాయి.

ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు క్రమబద్ధీకరిస్తారులే అన్న ధీమాను పెంచింది ప్రభుత్వాలే. 2007లో, 2015లో, 2019లో జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధీకరించడానికి వచ్చిన బీపీఎస్ పథకాలు ఖజానాకు ఆదాయం తెచ్చాయి గానీ, ప్లాను ప్రకారం కట్టినవాడిని వెర్రివాడిని చేశాయి. ఇంటి పన్ను కడుతున్నాం కాబట్టి కట్టడం సక్రమమేనన్న వాదన కూడా తరచూ వినిపిస్తుంది. అనధికార కట్టడానికి పన్ను వేసినంత మాత్రాన హక్కు పుట్టదు. ఏళ్లు గడిచాయనో, అధికారులు ఊరుకున్నారనో, ఎంతో ఖర్చుపెట్టామనో చెప్పి అక్రమ నిర్మాణాన్ని సమర్థించుకోలేరని 2024 డిసెంబరు 17న మరో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్టడం అనుమతి ప్రకారమే పూర్తయిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని కూడా ఆ తీర్పు చెప్పింది. ఆ ఒక్కమాట పాటించినా సగం నోటీసుల అవసరమే రాదు.

రెండు నగరపాలక సంస్థలూ నెలలో ఒక రోజును విచారణకు కేటాయించాలి. ఆనాడు విననున్న కేసుల జాబితాను వారం ముందే కార్యాలయంలోనూ, సంబంధిత వార్డు సచివాలయంలోనూ అంటించాలి. కొలతలు తీసి నోటీసుకు సిఫారసు చేసిన ఉద్యోగి చేతనే తీర్పు చెప్పించకూడదు. వివాదం ఉన్నచోట యజమాని సమక్షంలో మళ్లీ టేపు పట్టాలి. ఫిర్యాదుదారుకు కూడా అక్కడ మాట్లాడే వీలుండాలి. ఉత్తర్వు తెలుగులో ఉండాలి; మంజూరైన ప్లానులో ఎన్ని అడుగులు, కట్టినవి ఎన్ని, తొలగించవలసింది ఎంత, జరిమానాతో పోయేది ఏది అన్నవి అందులో విడివిడిగా రాయాలి. శ్రీకాకుళంలో ఏళ్లతరబడి ఎన్నికైన పాలకవర్గం లేక, అడిగే కార్పొరేటరే లేనందున అక్కడి ప్రజలకు ఈ బహిరంగ విచారణ మరింత అవసరం. వచ్చే నెల జాబితాను నోటీసు బోర్డుకు ఎక్కించడానికి ఇద్దరు కమిషనర్లకూ అమరావతి నుంచి కొత్త ఉత్తర్వేదీ అక్కర్లేదు.