రిఫండబుల్ టికెట్ అని ఊరికే వదిలేయకండి

"రిఫండబుల్ టికెట్ కొంటే టెన్షన్ లేదు, ప్రయాణం మానుకున్నా తర్వాత తీరిగ్గా అడిగి మొత్తం డబ్బు తీసుకోవచ్చు, నాన్ రిఫండబుల్ అయితే మాత్రం పైసా రాదు" అనే మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఇది నమ్మి, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారేమోనని నా భయం.

మొత్తం డబ్బు వస్తుందన్న గ్యారంటీ లేదు. బుక్ చేసేటప్పుడు ఫేర్ రూల్స్ అనే లింకు తెరిచి చూడండి, క్యాన్సిలేషన్‌కి ఒక వరస, నో షోకి (అంటే క్యాన్సిల్ చేయకుండానే విమానం ఎక్కకపోవడానికి) ఇంకో వరస విడివిడిగా ఉంటాయి. పై వరసలో కొంత కోసుకుని మిగతాది ఇస్తామని ఉన్న టికెట్‌కే, కింది వరసలో ఆ కోతకి తోడు ఇంకో ఛార్జీ ఉండొచ్చు, లేదా బేస్ ఫేర్ (పన్నులు, ఫీజులు కలపని టికెట్ ధర) అసలు ఇవ్వమనే ఉండొచ్చు. బుకింగ్ సైట్ల కన్వీనియెన్స్ ఫీజు మామూలుగా వెనక్కి రాదు.

ఇక "తర్వాత తీరిగ్గా" అన్న మాట, అసలు ప్రమాదమంతా ఇక్కడే ఉంది. విమానం బయల్దేరకముందే క్యాన్సిల్ చేయాలి, అదీ చివరి నిమిషంలో కాదు, ఎన్ని గంటల ముందన్నది ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కోలా ఉంటుంది, ఆ గడువు దాటితే నో షో కిందే లెక్క. శంషాబాద్ నుంచి గల్ఫ్ వైపు వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజామున ఉంటాయి కదా, టికెట్ మీద 15వ తేదీ 02:15 అని ఉంటే 14 రాత్రి పడుకునేలోపే ఆ పని అయిపోవాలి, పొద్దున లేచాక చూద్దామంటే విమానం వెళ్లిపోయి ఉంటుంది. వెబ్ చెక్ ఇన్ చేసేసి ఉంటే ముందు దాన్ని రద్దు చేసుకోవాలి, లేకపోతే చాలా సైట్లు క్యాన్సిల్ చేయనివ్వవు. ఏజెంట్ ఫోన్ ఎత్తకపోతే ఎయిర్‌లైన్ కాల్ సెంటర్‌కే చేసి కనీసం సీటు రద్దు చేయమని అడగండి, రిఫండ్ సంగతి ఏజెంట్‌తో తర్వాత చూసుకోవచ్చు. రానూపోనూ ఒకే టికెట్ అయితే, వెళ్లేటప్పుడు నో షో అయితే తిరుగు ప్రయాణం కూడా మామూలుగా దానంతటదే రద్దయిపోతుంది, ఇది చాలామందికి తెలియదు.

నాన్ రిఫండబుల్‌కి పైసా రాదనడం కూడా తప్పే. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం మన దేశపు ఎయిర్‌లైన్లు బేస్ ఫేర్, ఫ్యూయల్ సర్‌ఛార్జి కలిపినదానికి మించి క్యాన్సిలేషన్ ఛార్జీ వేయకూడదు. యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) లాంటి ఎయిర్‌పోర్టు ఫీజులు, చట్టబద్ధమైన పన్నులు ఆఫర్ టికెట్‌కైనా, నో షో అయినా తిరిగివ్వాల్సిందే. నలుగురున్న కుటుంబానికి అది వేలల్లోకి వెళ్లొచ్చు, కాబట్టి వదులుకోకుండా అడగండి. ఏజెంట్ దగ్గర కొన్నా ఆ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. డబ్బుకి బదులు క్రెడిట్ షెల్‌లో (అదే ఎయిర్‌లైన్‌లో తర్వాత టికెట్‌కి వాడుకునే ఖాతాలో) వేస్తామంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, అది వాళ్లు నిర్ణయించేది కాదు. మాట వినకపోతే పౌర విమానయాన శాఖ వాళ్ల ఎయిర్ సేవ పోర్టల్‌లో పీఎన్‌ఆర్‌తో ఫిర్యాదు పెట్టండి.