హక్కు విడుదల పత్రం గారికి ఒక ఆడపడుచు ఉత్తరం

మహారాజశ్రీ హక్కు విడుదల పత్రం గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ డాక్యుమెంట్ రైటర్ గారి బల్ల మీద మీరూ క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి, మొన్న శుక్రవారం మిమ్మల్ని మొదటిసారి చూశాను. మా నాన్న పేరు, మూడెకరాల మిరప చేను సర్వే నంబరు, నాలుగు వైపులా హద్దులు, అన్నీ ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. తప్పల్లా మేమే, మా అక్కా నేనూ. ఆ చేనులో మాకు వాటా వద్దని మా చేతే చెప్పించి, మమ్మల్ని కొట్టేయడానికే కదా మిమ్మల్ని రాయించింది.

మీ భాషకి మాత్రం దణ్ణం పెట్టాలి. "నా స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, మనస్ఫూర్తిగా" అట! ఇంత స్వేచ్ఛ నాకు ఒకే వాక్యంలో ఎప్పుడూ దొరకలేదు. పదో తరగతితో చదువు మానిపించినప్పుడు నా స్వబుద్ధి ఎవరికీ అక్కర్లేదు. పెళ్లిచూపుల్లో అసలే అక్కర్లేదు. ఎకరం వదులుకునే రోజున మాత్రం అది నాకు దండిగా ఉందని ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టిస్తున్నారు. ధన్యురాలిని.

నాన్న 2002లో పోయారు. పాసు పుస్తకం తమ్ముడి పేరు మీదికి మారింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఈ మధ్య మా ఊరి రోడ్డు వెడల్పయి ఎకరం 40 లక్షలు పలికింది. కొనేవాళ్ల లాయరు కాగితాలన్నీ చూసి, "ఆడపిల్లలెవరైనా ఉన్నారా?" అన్నాడట. ఇన్నేళ్లకి ఆ ప్రశ్న ఒకరి నోట వచ్చింది. అదీ మాకు వాటా ఇవ్వడానికి కాదు, వాటా అడగబోమని రాయించుకోవడానికి.

మీ ఓపికని కూడా మెచ్చుకోవాలి. 1956 వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికీ సమాన వాటా అంది. తాతల ఆస్తిలో కూడా కొడుకుతో సమానమని దేశంలో అందరికంటే ముందు చట్టం చేసింది మన ఆంధ్రప్రదేశే. రామారావు గారి ప్రభుత్వం 1986లో చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుందంది. అందులో చిన్న మెలిక, ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకి వర్తించదు. అక్క పెళ్లి 1984లో, నాది 1988లో. అంటే ఒకే కడుపున పుట్టినా నేను వారసురాలిని, అక్క చుట్టం. తొందరపడి పెళ్లి చేసుకున్నందుకు అక్కకి పడిన జరిమానా అది.

2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఈసారి నాన్న తొందరపడ్డాడన్నారు. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుంటేనే హక్కని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో మళ్లీ ఆ కోర్టే, తండ్రి ఉన్నా పోయినా కూతురికి అది పుట్టుకతో వచ్చిన హక్కు అని తేల్చింది. నలభై ఏళ్లలో ఇన్ని తలుపులు తెరిచారు. మీరు ప్రతి తలుపు దగ్గరా, "లోపలికి రండమ్మా, వచ్చి ఇక్కడ సంతకం పెట్టి వెళ్లండి" అంటూ నవ్వుతూ నిలబడ్డారు. చట్టాన్ని ఎదిరించాల్సిన అవసరం మీకెప్పుడూ రాలేదు. అది ఇచ్చిన దాన్ని మా చేతులతోనే వెనక్కి ఇప్పిస్తారు.

కట్నం ఇచ్చాం కదా అంటారు మీ తరఫువాళ్లు. నా కట్నం 40 వేలు. అది మా మామగారి చేతిలో పడి, నెల తిరక్కుండానే మా ఆడపడుచు పెళ్లికి కట్నంగా వెళ్లిపోయింది. అక్కడి నుంచి ఎటు పోయిందో ఆవిడకీ తెలీదు. కట్నం ఎవరు పుచ్చుకున్నా అది పెళ్లికూతురికి అప్పగించాలని 1961 నాటి కట్న నిషేధ చట్టంలోనే ఉందని నాకు ఈ వయసులో తెలిసింది. నేను ముట్టుకోని డబ్బు నా వాటా కింద చెల్లు ఎలా అయిందో ఆ లెక్క మీకే రావాలి.

తమ్ముడు దుర్మార్గుడు అనుకునేరు, కాదు. అమ్మ మంచాన పడ్డ రెండేళ్లూ కూతురిలా చేసింది మా మరదలే. (మీ నాలుగు పేజీల్లో ఆవిడ పేరూ లేదు, గమనించారా?) పొలం అమ్మేది మేనకోడల్ని ఎమ్మెస్‌కి అమెరికా పంపడానికి. తమ్ముడికి అదొక్కతే. ఆడపిల్ల చదువు కోసం అంటే కాదనే నోరు నాకుందా? మీ బలం అక్కడే. మీరు అడిగేది ఎకరం, చూపించేది పుట్టిల్లు. సంతకం పెడితే సంక్రాంతికి పిలుపు, పసుపు కుంకుమ, ఒడిబియ్యం. పెట్టకపోతే "కోర్టుకెక్కిన ఆడపడుచు". ఎన్ని లక్షల మంది ఆడవాళ్లకి ఈ బేరం పెట్టి ఉంటారో, ఒక్క మగవాడితోనైనా, "నీ వాటా వదులుకో బాబూ, అక్కలు ప్రేమగా చూస్తారు" అన్నారా?

శుక్రవారం పొద్దున్నే అక్కకీ నాకూ చెరో పట్టుచీర పెట్టారు. ఏడువేలుంటుంది. అది కట్టుకునే రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లాం. అక్కకి చదువు రాదు కాబట్టి మేనకోడలు మిమ్మల్ని పైకి చదివింది. గడగడా చదువుతున్న పిల్ల "పుత్ర పౌత్ర పారంపర్యంగా ఆచంద్రార్కం అనుభవించునట్లుగా" దగ్గర ఆగింది.

"నాన్నా, పుత్రులంటే కొడుకులే కదా, మరి నేను?"

"ఫార్మాట్ అంతేనమ్మా. అందరికీ ఇదే పెడతాం," అన్నాడు డాక్యుమెంట్ రైటర్. తమ్ముడు ఫోన్లో ఏదో వెతుక్కున్నాడు.

తర్వాత వేలిముద్రలు. ముందు అక్కని పిలిచారు. బొటనవేలు మిషన్ మీద పెట్టింది, ఎర్ర లైటు. చీరకి తుడుచుకోబోయి, కొత్తదని గుర్తొచ్చి, జుట్టుకి రాసుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర లైటే. పది వేళ్లూ అయ్యాయి. "ఏం పని చేస్తావమ్మా, గీతలే లేవు?" అన్నాడు ఆపరేటరు. అక్కని ఇచ్చింది ఊళ్లోనే. ముప్పై ఏళ్లుగా ఏటా ఆ మూడెకరాల్లోనే మిరపకాయలు కోస్తుంది. తమ్ముడి దగ్గర కూలేంటని డబ్బు తీసుకోదు. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద కమతాలు నడిపే ఆడవాళ్లు నూటికి 14 మందే తేలారట. అక్క ఆ 14లో ఉండదు. ఆ చేను అక్క వేళ్ల గీతలు తినేసింది, ఇప్పుడు ఆ చేనుని వదులుకోవడానికి ఆ గీతలే కావాలట!

ఇంకోసారి ప్రయత్నిద్దామనుకునేలోపు సర్వర్ డౌన్ అన్నారు. నా వంతు రాలేదు. మంగళవారం 11 గంటలకి మళ్లీ స్లాట్. అక్కని మాత్రం రోజూ రాత్రి వేళ్లకి కొబ్బరినూనె పట్టించమన్నారు, గీతలు తేలతాయట.

ఇందాక అక్కకి ఫోన్ చేశాను.

"నూనె రాస్తున్నావా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎక్కడే, మర్చిపోతున్నాను," అంది.

ఇట్లు,
మీకు ఇంకా ఒక సంతకం బాకీ ఉన్న
చిన్న ఆడపడుచు