క్యానిబల్: మనిషీ లేడు, మాంసమూ లేదు

క్యానిబల్ అంటే ఏమిటని అడిగితే ‘నరమాంస భక్షకుడు’ అని ఠక్కున చెప్పేస్తాం. తప్పేం లేదు. కానీ ఆ మాటను ఎంత విడదీసి చూసినా అందులో నరుడు కనపడడు, మాంసం దొరకదు. అది ఒక జాతి పేరు.

1492లో కొలంబస్ కరీబియన్ దీవుల్లో దిగాడు. పొరుగు దీవుల్లో ‘కనీబ’ అనే వాళ్లున్నారని, మనుషుల్ని తింటారని అక్కడివాళ్లు చెప్పినట్టు ఆయన డైరీలో ఉంది. వాళ్ల భాష ఆయనకు రాదు. పైగా ‘కనీబ’ అని వినగానే, తాను వెతుక్కుంటూ వచ్చిన ఆసియా చక్రవర్తి ‘గ్రేట్ ఖాన్’ మనుషులే అయ్యుంటారనుకున్నాడు. ఇంత గందరగోళంలో పుట్టిన మాట ఇది! అదే పేరును ‘కరీబ్’ అని కూడా పలికేవారు. అలా ఒక రూపం సముద్రానికి పేరయింది, ఇంకోటి తిట్టయింది.

తిట్టుతో ఆగినా బాగుండేది. 1503లో స్పెయిన్ రాణి ఇసబెల్లా, ఈ క్యానిబల్స్‌ను పట్టుకుని అమ్ముకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఇక ఎవరి మీద ఆ ముద్ర వేస్తే లాభమో వేరే చెప్పాలా?

అలాగని అంతా కట్టుకథే అనలేం. పపువా న్యూగినీలో ఫోరే తెగవాళ్లు చనిపోయిన బంధువుల శరీరాన్ని సంతాపంలో భాగంగా తినేవారు. మెదడును దెబ్బతీసే కురు వ్యాధి వారిలో అలాగే వ్యాపించింది. మరి యూరప్ సంగతి? 16, 17 శతాబ్దాల్లో అక్కడ ఈజిప్టు మమ్మీల పొడిని మందుగా మింగారు. వాళ్లను మాత్రం క్యానిబల్స్ అనలేదు, రోగులన్నారు. 1972లో ఆండీస్ పర్వతాల్లో విమానం కూలి 72 రోజులు చిక్కుకుపోయినవాళ్లు తోటివారి మృతదేహాలు తిని బతికారు. 16 మంది మిగిలారు. నిఘంటువు ప్రకారం వాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది, కానీ అనడానికి నోరు రాదు. చేసిన పని కన్నా చేసినవాళ్లు ఎవరన్నదే ఈ మాటకు ముఖ్యం అనిపిస్తుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. మనిషి మాంసం మరిగిన పులి నరభక్షకి, కానీ క్యానిబల్ కాదు. పులిని తిన్న పులి క్యానిబల్. సొంత జాతిని తినడమే అసలు కొలత. అందుకే మగపురుగును తినే గొల్లభామను ‘నరమాంస భక్షక కీటకం’ అంటే నవ్వులపాలవుతాం. ‘స్వజాతి భక్షణ’ సరైన మాటే, కాస్త బరువు. ‘తన జాతినే తినే’ అంటే చాలు.

ఇంగ్లిష్‌లో ఆ మాటకు ‘నర’ అనే సంకెల లేదు కాబట్టి ఎటైనా పోతుంది. కంపెనీ కొత్త ఫోన్ దాని పాత ఫోన్ అమ్మకాలను తినేసినా, ఒక విమానం భాగాలు పీకి ఇంకో విమానానికి బిగించినా అదే మాట. సూర్యుడి నుంచి ఎగసిన రెండు సౌర తుపానుల్లో వెనకొచ్చింది ముందుదాన్ని మింగినా అంతే. వీటిని తెలుగులో చెప్పడానికి ‘తినేసింది’, ‘పీకి బిగించారు’, ‘మింగేసింది’ ఉండనే ఉన్నాయి.