నడిసముద్రంలో పిలుపుకు జవాబు కూడా ముఖ్యమే

2017 నవంబరు చివర్లో ఓఖీ తుఫాను కన్యాకుమారి, కేరళ తీరాల మీదుగా విరుచుకుపడే సమయానికి చాలా పడవలు నడిసముద్రంలో ఉన్నాయి. రోజుల తరబడి వేటకు వెళ్లినవాళ్లకు హెచ్చరిక అందలేదు. తీరానికి కొంత దూరం పోతే సెల్‌ఫోన్ మూగబోతుంది.

నిజానికి ఆపద కబురు పంపే పరికరాన్ని ఇస్రో 2010 నాటికే మత్స్యకారులకు అందుబాటులోకి తెచ్చింది. బటన్ నొక్కితే పడవ ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్ గార్డ్‌కు చేరుతుంది. అయితే కబురు అందిందో లేదో నొక్కినవాళ్లకు తెలిసేది కాదు. నా దృష్టిలో ఇది చిన్న లోటు కాదు. ఇంజిన్ ఆగిపోయి, పడవలోకి నీళ్లు వస్తుంటే పడవ నడిపే సరంగు ఏం నిర్ణయించాలి? సాయం వస్తోందని తెలిస్తే ఉన్న తాగునీరు పొదుపు చేస్తాడు, పడవలో పనిచేసే కళాసీలను పడవను అంటిపెట్టుకుని ఉండమంటాడు. తెలియకపోతే ఆ టెన్షన్‌లో ఎవరో ఒకరు క్యాన్ పట్టుకుని నీళ్లలోకి దూకేస్తారు. గాలించేవాళ్లు పడవ దగ్గరికి చేరేసరికి మనిషి అక్కడ ఉండడు.

కబురు అందిందని నొక్కినవాళ్లకు జవాబు పంపే సేవను యూరప్‌కు చెందిన గెలీలియో ఉపగ్రహాలు 2020లో మొదలుపెట్టాయి. 2024 జనవరిలో వచ్చిన ఇస్రో రెండో తరం పరికరంలోనూ ఆ సౌకర్యం ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమిని పరికరం తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల వివరాలు అందిస్తుంది. దానితో మనం తిరిగి కబురు పంపలేం.

2024 ఆగస్టులో కేంద్రం లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహం ద్వారా కబురు పంపి అందుకునే పరికరాలు, అమర్చే పథకం ప్రారంభించింది. మంచిదే. కానీ బిగించి చేతులు దులుపుకుంటే కుదరదు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, బ్యాటరీ దిగిపోతుంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఇంజిన్ పడవలన్నీ ఒడ్డునే ఉండే ఆ రెండు నెలల్లో విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో మత్స్యశాఖ ప్రతి పరికరాన్నీ పరీక్షించాలి. చిన్న ఫైబర్ బోట్లను కూడా వదిలేయకూడదు. యజమాని ఫోన్ నంబరు ఒక్కటే రాసుకుంటే సరిపోదు. వేటకు బయల్దేరిన ప్రతిసారీ పడవలో ఎవరెవరున్నారో, వాళ్ల ఇళ్ల నంబర్లేమిటో రేవులో నమోదు కావాలి. ఎంతమంది కోసం వెతకాలో కోస్ట్ గార్డ్‌కు తెలిసేది అప్పుడే.